ఎనిమిది వేసేటప్పుడు కాలు కింద పెడుతోంది: గేరు బండి నేర్పినవాళ్ళు సలహా చెప్పగలరు

సత్యనారాయణపురం_అక్క (శనివారం, రాత్రి 9:10)

గేరు బండి నడపడం నాకు పద్దెనిమిదేళ్ళుగా వచ్చు. నేర్పడం రాదన్న సంగతి మాత్రం ఈ మూడు వారాల్లోనే తెలిసింది.

నా స్నేహితురాలికి నలభై ఒక్క ఏళ్ళు. మంగళగిరి నుంచి నేత చీరలు తెచ్చి విజయవాడలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతుంది. పన్నెండేళ్ళుగా నడిపిన స్కూటీని ఈ ఏడాది వాళ్ళ అమ్మాయి కాలేజీకి పట్టుకుపోతోంది. ఇంట్లో తమ్ముడు వదిలి వెళ్ళిన స్ప్లెండర్ ఉంది, 2014 నాటిది. గేరు లేని బండికి లైసెన్సు ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇప్పుడు గేరు బండికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే లైసెన్సు) తీసుకుంది. పోయిన వారం పరీక్షకు వెళ్ళి, ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పమంటే మధ్యలో కాలు నేలకు ఆనించి, ఫెయిలై తిరిగి వచ్చింది.

తిన్నగా నడపమంటే వంక పెట్టడానికి లేదు. నన్ను వెనుక కూర్చోబెట్టుకుని తెల్లవారాక బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నాలుగో గేరు దాకా వేసి హాయిగా పోతుంది. చిక్కంతా మలుపులోనే. తెలిసినవాళ్ళ ఖాళీ స్థలంలో ముగ్గుపిండితో పెద్ద ఎనిమిది గీశాను (అటుగా నడకకు వచ్చిన పెద్దాయన ఒకరు "ఈ రోజు ఏం పండుగమ్మా?" అని అడిగారు). మొదటి సున్నా సగం వరకు బాగానే తిరుగుతుంది. రెండు సున్నాలు కలిసే చోటికి వచ్చేసరికి బండిలో ఊపు చచ్చిపోతుంది, లోపలి వైపుకు వాలుతుంది, కాలు కింద పడుతుంది. రెండుసార్లు బండే పడింది. ఎడమ ఇండికేటరు విరిగింది, ఫుట్‌రెస్టు వంగింది, ఆమె మోకాలు కొట్టుకుపోయింది.

నేను పక్కన నిలబడి "బ్యాలెన్సు చేసుకో, బ్యాలెన్సు చేసుకో" అని అరుస్తూ ఉంటాను. నిన్న బండి ఆపి, హెల్మెట్ తీసి, "అది ఎలా చేసుకోవాలో చెప్పవే" అంది. నోరు తెరిచాను కానీ మాట రాలేదు. నా చేతులకు తెలిసిన విషయం నాకు తెలియదు.

మళ్ళీ పరీక్షకు వెళ్ళేలోపు మూడు వారాలు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

గుంటూరు_ఘాటు (శనివారం, రాత్రి 9:32)

అన్నా, మరీ నెమ్మదిగా పోతే ఏ బండైనా పడుతుంది. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి తిప్పమనండి. మా తమ్ముడికి బ్రాడీపేట అడ్డరోడ్లలో రెండు రోజుల్లో నేర్పేశాను. ఒకటో గేరు కిందికి, మిగతావి పైకి. ఇందులో ఏముంది?

సత్యనారాయణపురం_అక్క (శనివారం, రాత్రి 9:41)

అన్న కాదు, అక్క. పేరులోనే ఉంది. స్ప్లెండర్‌లో గేర్లన్నీ కిందికే పడతాయి కాబట్టి మీ బ్రాడీపేట లెక్క ఇక్కడ పనికిరాదు. యాక్సిలరేటర్ ఇస్తే ముగ్గు దాటి ప్రహరీ గోడ దాకా పోతోంది. అది కూడా చూశాం.

ఆటోనగర్_పానా (శనివారం, రాత్రి 10:15)

అక్కా, మనిషిని దిద్దే ముందు బండిని ఒకసారి చూడండి. తమ్ముడు వదిలి వెళ్ళిన పాత బండి అంటున్నారు.

క్లచ్ లివరు చివర పది నుంచి ఇరవై మిల్లీమీటర్ల వరకు ఖాళీగా ఆడాలి. ఆ ఆట అసలు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు, ప్లేట్లు జారుతూ కాలతాయి. మరీ ఎక్కువైతే లివరు చివరి దాకా నొక్కినా క్లచ్ విడవదు, మొదటి గేరులో బండి ముందుకు పాకుతూనే ఉంటుంది. అలాంటి బండి మీద నెమ్మదిగా నడపడం నాలాంటివాడికే కష్టం, కొత్తవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కేబులు లోపల తుప్పు పట్టి ఉంటే లివరు కుదుపులతో కదులుతుంది. నూట యాభై రూపాయల లోపు పని, కొత్తది వేయించండి. ఐడిలింగు (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజను తిరిగే వేగం) నిమిషానికి 1400 చుట్ల దగ్గర నిలకడగా ఉందో లేదో చూడండి. తక్కువగా పెట్టి ఉంటే క్లచ్ వదలగానే ఇంజను ఆగిపోతుంది, ఆ తప్పు మనిషి మీద పడుతుంది.

ఇంట్లో ఉంది కదా అని కారు ఆయిలు పోయలేదు కదా? ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిళ్ళు కొన్నింటిలో రాపిడి తగ్గించే మందు కలుపుతారు, దాంతో ప్లేట్లు జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నదే పోయాలి.

హాఫ్ క్లచ్ మీద (అంటే క్లచ్ పట్టీ పట్టనట్టు ఉంచి) నడిపితే ప్లేట్లు కాలిపోతాయని ఎవరో ఒకరు వచ్చి భయపెడతారు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆయిల్లో ఉన్న క్లచ్‌కు ఎనిమిది వేసే పది నిమిషాలు ఓ లెక్క కాదు. కాలిన వాసన వస్తే నీడలో పెట్టి చల్లారనివ్వండి. రోజంతా బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో లివరు మీద వేళ్ళు ఆనించి తిరిగేవాళ్ళ బండ్లే మా దగ్గరకు ప్లేట్ల కోసం వస్తాయి.

కాలక్షేపం_బఠాణీ (శనివారం, రాత్రి 10:48)

అడిగితే ఏమీ అనుకోకండి, ఆవిడకు ఇంకో స్కూటీ కొనుక్కుంటే సరిపోదా? ఈ వయసులో ఈ తిప్పలన్నీ ఎందుకు?

సత్యనారాయణపురం_అక్క (శనివారం, రాత్రి 10:55)

స్కూటీ ఎంతకు వస్తుందో కనుక్కుని చెప్పండి, సగం మీరు వేసుకోండి, మిగతా సగం నేను వేస్తాను. స్ప్లెండర్ లీటరుకు అరవై దాకా ఇస్తుంది, ఇంట్లోనే ఉంది, పైసా పెట్టక్కర్లేదు. వయసు సంగతి ఆమె అడగలేదు.

పానా గారూ, రేపే బండిని చూపిస్తాను. ఆట ఎక్కువే ఉన్నట్టుంది.

పలక_బలపం (ఆదివారం, ఉదయం 7:20)

బ్యాలెన్సు అంటే ఏమిటని ఆవిడ అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఫిజిక్సు పాఠాలు చెప్పుకునేవాడిని కాబట్టి ఒక ప్రయత్నం చేస్తాను.

చక్రాలు గిరగిరా తిరగడం వల్లే బండి నిలబడుతుందని మేము చాలా ఏళ్ళు చెప్పాం. అందులో నిజం ఉంది కానీ అదే మొత్తం నిజం కాదు. 2011లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చక్రాల భ్రమణ ప్రభావాన్ని పూర్తిగా రద్దు చేసిన సైకిలును తయారుచేసి తోస్తే, అది మనిషి లేకుండా కూడా పడిపోకుండా ముందుకు సాగింది. పోతే, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఆ భ్రమణం ఇచ్చే సాయం ఎలాగూ నామమాత్రమే.

చేసేది ఇంత: బండి ఎటు పడబోతుందో అటే హ్యాండిల్ కాస్త తిప్పుతాం, చక్రాలు మన బరువు కిందికి వచ్చి చేరతాయి. అరచేతిలో చీపురు నిలబెట్టి ఆడుకున్నట్టే. చీపురు ఎటు వాలితే చెయ్యి అటు జరుగుతుంది. చెయ్యి జరగాలంటే బండికి ముందుకు పోయే బలం ఉండాలి. ఊపు పోయిన క్షణంలో హ్యాండిల్ ఎటు తిప్పినా చక్రాలు మీ కిందికి రావు. మీరు రాసిన "ఊపు చచ్చిపోతుంది" అన్న మాట దగ్గరే అసలు రోగం ఉంది. ఊపు ఎందుకు పోతోందో పట్టుకోండి, వాలడం దానంతట అదే తగ్గుతుంది.

చూపు కూడా గమనించండి. ముందు చక్రం వైపు చూసేవాళ్ళకు పడిపోతున్నప్పుడు మాత్రమే వాలుతున్నట్టు తెలుస్తుంది. తల తిప్పి, సున్నాలో ఎదుటి గట్టు చూడమనండి.

నలుపు_ఎరుపు_220 (ఆదివారం, ఉదయం 9:05)

ఇంత సైన్సు అవసరమా? రెండు కాళ్ళూ వేలాడేసి నడిపితే బండి పడదు. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద చూడండి, అందరూ అలాగే పోతారు.

స్టీరింగు_తాత (ఆదివారం, ఉదయం 9:50)

నాయనా, బస్సు నడిపి ముప్పై రెండేళ్ళు పూర్తిచేసుకున్నాను. అద్దంలోంచి చూస్తే నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ వేలాడే కాళ్ళే. కాలు కింద ఉందంటే వెనుక బ్రేకు మీద లేదని అర్థం. ఇక మిగిలింది చేతి బ్రేకు ఒక్కటే. హ్యాండిల్ వంకరగా ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకుంటే బండి అక్కడికక్కడే కూలబడుతుంది. ఎన్నిసార్లు చూశానో.

అమ్మాయ్, నీ స్నేహితురాలు పడినప్పుడు కుడి చెయ్యి ఎక్కడ ఉందో గుర్తు తెచ్చుకో.

సత్యనారాయణపురం_అక్క (మంగళవారం, రాత్రి 8:30)

బాబాయ్ గారూ, గమనించాను. పడే ముందు కుడి చెయ్యి ముందు బ్రేకు మీదే ఉంటోంది.

జరిగింది చెబుతాను. బండికి కేబులు మార్పించాను, ఐడిలింగు సరిచేయించాను, లివరు ఇప్పుడు వెన్నలా ఉంది. పలక_బలపం గారు చెప్పినట్టు చూపు మార్పించాను. నేను ఎదురుగా ఎర్ర చున్నీ పట్టుకుని సున్నా చుట్టూ నడుస్తూ "నన్ను చూడు" అన్నాను. మొదటి సున్నా పూర్తిగా తిరిగింది! ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. కలిసే చోటికి వచ్చాక మళ్ళీ అదే తంతు. ఈసారి పడలేదు, కాలు పెట్టింది.

అప్పుడు తను ఒక మాట అంది. "నేను బ్రేకు వేశానే, బండి ఆగలేదు, ఇంకా జారింది." నేను నవ్వి ఊరుకున్నాను. బ్రేకు వేస్తే జారడం ఏమిటని.

పాత_బుల్లెట్ (మంగళవారం, రాత్రి 9:15)

నవ్వి ఊరుకోకండి అమ్మా. ఆవిడ బ్రేకు వేసిన మాట నిజం. ఏ బండి బ్రేకు వేసిందో అడగండి.

నా కథ వినండి. నేను ఇరవై ఏళ్ళు పాత బుల్లెట్ నడిపాను. దాంట్లో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేవి. మొదటి గేరు పైకి, మిగతా మూడు కిందికి. తర్వాత అందరిలాగే గేరు ఎడమ వైపు ఉన్న బండి కొన్నాను. వారం రోజులు జాగ్రత్తగా తిప్పాను, అలవాటైంది అనుకున్నాను. బెంజి సర్కిల్ దగ్గర ముందు ఆటో ఠక్కున ఆగింది. నా ఎడమ కాలు తనంతట తాను బ్రేకు తొక్కింది. అక్కడున్నది బ్రేకు కాదు, గేరు లివరు. మూడో గేరు రెండులోకి దిగింది, ఇంజను ఒక్కసారి గర్జించింది, బండి ఎగిరిపడి ఆటో వెనుక రేకును ముద్దాడింది. ఆటో ఆయన దిగి వచ్చి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నేను మాత్రం "బ్రేకు వేశానండీ" అనే మొత్తుకున్నాను. అబద్ధం చెప్పలేదు!

మీ స్నేహితురాలు పన్నెండేళ్ళు స్కూటీ నడిపిందన్నారు. స్కూటీలో ఎడమ చేతి లివరు ఏం చేస్తుంది?

సత్యనారాయణపురం_అక్క (మంగళవారం, రాత్రి 9:58)

పాత_బుల్లెట్ గారూ, మీకు దండం.

ఇప్పుడే ఫోను చేశాను. "కళ్ళు మూసుకో. ఎదురుగా కుక్క వచ్చింది. బ్రేకు వెయ్యి. ఏ చెయ్యి కదిలింది?" అన్నాను. ఒక నిమిషం అటు నుంచి మాట లేదు. తర్వాత "ఎడమ చెయ్యే" అంది.

మూడు వారాలుగా నా కళ్ళ ముందు జరుగుతున్నదేమిటో ఇప్పుడు వరసగా కనిపిస్తోంది. కలిసే చోట మలుపు బిగుసుకుంటుంది. కొంచెం వేగం తగ్గించుకోవాలని అనిపిస్తుంది. పన్నెండేళ్ళ అలవాటు ఎడమ లివరు నొక్కుతుంది. స్కూటీలో అది వెనుక బ్రేకు, ఇక్కడ అది క్లచ్. ఇంజను చక్రాన్ని వదిలేస్తుంది, ఊపు చస్తుంది, బండి ఆగే బదులు జారుతూ పోతుంది. ఆగలేదని ఇంకా గట్టిగా నొక్కుతుంది. అప్పటికీ ఆగకపోయేసరికి కుడి చెయ్యి ముందు బ్రేకు పట్టుకుంటుంది. హ్యాండిల్ అప్పటికే వంకరగా ఉంది. ఇక కూలబడక ఏం చేస్తుంది?

తిన్నని రోడ్డు మీద ఇది బయటపడలేదు, ఎందుకంటే ఆగేటప్పుడు క్లచ్, ముందు బ్రేకు రెండూ కలిపి పట్టుకుంటే బండి ఎలాగో ఆగిపోతుంది. నేను "బాగా ఆపుతున్నావు" అని మెచ్చుకున్నాను కూడా.

అంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకోటి ఉంది. ఈ మూడు వారాల్లో ఆమె కుడి కాలు ఒక్కసారి కూడా పెడలును తాకినట్టు నాకు గుర్తు లేదు. స్కూటీ మీద కుడి కాలికి పనేమీ ఉండదు, సామాను సంచి పక్కన ఊరికే కూర్చుంటుంది. నేను సైకిలు తర్వాత నేరుగా మా నాన్న బండి ఎక్కినదాన్ని, స్కూటీ జోలికి పోలేదు. అందుకే నాకు తట్టలేదు.

ఆటోనగర్_పానా (మంగళవారం, రాత్రి 10:20)

అరే, భలే పట్టుకున్నారు. నాకూ తట్టలేదు. ఇప్పుడు వచ్చే 125 సీసీ దాకా ఉన్న స్కూటీల్లో ఎడమ లివరు నొక్కితే ముందు వెనుక రెండు బ్రేకులూ పడతాయి. అంటే ఆ చెయ్యి మీద నమ్మకం ఇంకా ముదిరిపోతుంది.

బ్రేకు పెడలు ఎత్తు చూడండి. ఆవిడ పాదం చిన్నదైతే పెడలు మరీ పైన ఉండి, ప్రతిసారీ కాలు మొత్తం ఎత్తాల్సి వస్తుంది. ఫుట్‌రెస్టు మీద మడమ ఆనించి, మునివేళ్ళు కదిపితే తగిలేటట్టు పెట్టించాలి. ఎలాగూ ఫుట్‌రెస్టు వంగింది కదా, రెండూ ఒకేసారి చేయించుకోండి. ఇంకో మాట, చెప్పులు వద్దు. అడుగు మందంగా ఉన్న చెప్పుతో పెడలు మీద ఎంత బరువు పడిందో కాలికి తెలియదు.

సీతానగరం_గట్టు (బుధవారం, మధ్యాహ్నం 1:10)

నేనూ స్కూటీ నుంచి గేరు బండికి మారినదాన్నే అక్కా. ఈ కథ చదువుతుంటే నన్ను ఎవరో చూసి రాసినట్టుంది.

బండి మీద నేర్చుకోవడానికి ముందు కుర్చీ మీద నేర్చుకున్నాను. వంటింట్లో కుర్చీలో కూర్చుని, కుడి కాలి కింద మడత పెట్టిన గుడ్డ పెట్టుకుని, టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా కాలితో తొక్కేదాన్ని. మా అత్తగారు ఏదో జబ్బు అనుకుని వైద్యుడికి చూపిద్దామన్నారు. నాలుగు రోజులకు కాలు తనంతట తాను కదలడం మొదలైంది.

చున్నీ మాత్రం కట్టుకోవడమో, కోటు లోపల దోపుకోవడమో చేయించండి. నాకు ఒకసారి వెనుక చక్రంలో చిక్కింది. అదృష్టం, అప్పటికే ఆగి ఉన్నాను.

స్టీరింగు_తాత (బుధవారం, సాయంత్రం 6:00)

నోటితో చెప్పించమ్మా. మేము కొత్త డ్రైవర్లకు అదే చేసేవాళ్ళం. చేసే పనిని పైకి చెబుతూ చేయాలి. "వదులుతున్నా, పట్టింది, కాలు వేస్తున్నా." నోరు చెబుతుంటే అలవాటు దొంగతనంగా దూరలేదు. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

గుంటూరు_ఘాటు (బుధవారం, సాయంత్రం 6:25)

అక్కా, నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మా తమ్ముడికి రెండు రోజుల్లో వచ్చింది నా గొప్ప కాదని ఇప్పుడు తెలిసింది. వాడు స్కూటీ ఎప్పుడూ నడపలేదు, మరచిపోవాల్సింది ఏమీ లేదు.

సత్యనారాయణపురం_అక్క (ఆదివారం, మధ్యాహ్నం 12:40)

నాలుగు రోజుల పాఠాలు. కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి రోజు ఇంజను ఆన్ చేయలేదు. న్యూట్రల్‌లో పెట్టి నేను వెనుక నుంచి తోశాను. తను ఎడమ చేతిని హ్యాండిల్ మీద పిడికిలిగా ఉంచుకోవాలి, లివరు వైపు వేలు చాపకూడదు. ఆపమన్నప్పుడు కుడి కాలితోనే ఆపాలి. మొదటి పదిసార్లలో ఆరుసార్లు ఎడమ వేళ్ళు లివరు మీదికి పాకాయి. వేళ్ళ మీద చిన్న దెబ్బ వేశాను, స్కూల్లో మా టీచరు వేసినట్టు. పదిహేను నిమిషాలకు నాకు ఆయాసం వచ్చింది. నూట పన్నెండు కిలోల బండి, పైన మనిషి. తోయడానికి మగపిల్లలెవరినైనా పిలుచుకోండి, నాలా చేయకండి.

రెండో రోజు ఇంజను వేసి, మొదటి గేరులో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ కొద్దికొద్దిగా వదలడం. బండి ముక్కు కాస్త పైకి లేచినట్టు, ఇంజను గొంతు కాస్త దిగినట్టు అవుతుంది చూడండి, అక్కడ ఆపాలి. ఆ చోటు పేరు ఏమిటని తను అడిగింది. హాఫ్ క్లచ్ అంటారు కానీ సగం దగ్గర ఉండదు, మా బండికి లివరు మూడొంతులు వదిలాక వస్తోంది. "పాలు పొంగే ముందు గిన్నె చప్పుడు మారినట్టు" అంది తను. నేను ఎన్ని చెప్పినా అంత బాగా చెప్పలేకపోయేదాన్ని. అక్కడ పట్టుకుని, నాలుగడుగులు పాకడం, కాలితో ఆపడం. నాలుగడుగులు, ఆపడం. గంట సేపు ఇదే.

మూడో రోజు అసలు కిటుకు. ఇంజను కొంచెం లాగుతూ ఉండగానే వెనుక బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి ఉంచడం. రెండూ ఒకేసారా అని తను నమ్మలేదు. ఎద్దుబండి పల్లంలో దిగేటప్పుడు తోలేవాడు పగ్గం వదలడు కదా, అలాంటిదే అన్నాను. ఇంజను లాగుతుంది, కాలు పగ్గం పడుతుంది, మధ్యలో బండి బిగువుగా నిలబడుతుంది. వేగం తగ్గాలంటే కాలు నొక్కాలి, పెరగాలంటే కాలు వదలాలి, చేతులు రెండూ కదలకూడదు. నేను పక్కన మామూలుగా నడుస్తుంటే నాతో సమానంగా ఇరవై అడుగులు వచ్చింది, కాళ్ళు రెండూ పైనే! నా వైపు చూసి నవ్వబోయి తూలింది. చూపు సంగతి గుర్తుచేశాను.

ఈ రోజు మళ్ళీ ముగ్గు వేశాను. పోయినసారి కంటే పెద్ద సున్నాలు. పైకి చెబుతూ తిరిగింది: "పట్టింది, కాలు, ఎదురు గట్టు, కాలు, వదులు." కలిసే చోట ఎడమ వేళ్ళు ఒకసారి బిగుసుకున్నాయి, నాకు కనిపించింది. వెంటనే "చెయ్యి కాదే, కాలు!" అని తనను తానే తిట్టుకుంది. దాటేసింది. పన్నెండుసార్లు తిరిగింది, రెండుసార్లు కాలు పెట్టింది.

నడకకు వచ్చే పెద్దాయన ఈసారి చప్పట్లు కొట్టారు.

పలక_బలపం (ఆదివారం, మధ్యాహ్నం 2:05)

ఎద్దుబండి పోలిక నా చీపురు కంటే బాగుంది. సున్నాలను రోజుకు ఒక అడుగు చొప్పున చిన్నవి చేస్తూ పోండి, తనకు చెప్పకుండా.

కనకదుర్గ_వారధి (ఆదివారం, రాత్రి 8:45)

ఇంత పెద్ద చర్చలో చట్టం మాట ఎవరూ ఎత్తలేదేమిటి? ఎల్‌ఎల్‌ఆర్‌తో రోడ్డెక్కితే ముందు, వెనుక తెల్ల పలక మీద ఎర్ర ఎల్ ఉండాలి, పలక పద్దెనిమిది సెంటీమీటర్ల చదరం. వెనుక కూర్చోగలిగింది లైసెన్సు ఉండి నేర్పేవాళ్ళు మాత్రమే, చీరల మూటతో పాటు పిన్నిని ఎక్కించుకోవడం కుదరదు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. హెల్మెట్ ఇద్దరికీ.

సత్యనారాయణపురం_అక్క (ఆదివారం, రాత్రి 9:00)

అన్నీ ఉన్నాయండీ. ఎల్ మాత్రం నేనే నెయిల్ పాలిష్‌తో రాశాను, కొలత చూసుకునే రాశాను.

గుంటూరు_ఘాటు (సోమవారం, ఉదయం 8:10)

అక్కా, పనిలో పని ఎత్తు మీద ఆగి బయలుదేరడం కూడా నేర్పండి. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ట్రాఫిక్ ఆగితే కొత్తవాళ్ళు వెనక్కి జారిపోతారు. దానికీ ఈ కుడి కాలే మందు. కాలితో బ్రేకు పట్టి ఉంచి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ పట్టే చోటు దాకా వదిలి, బండి ముందుకు తన్నుకుంటోందని తెలిశాక కాలు తీయాలి. రెండు కాళ్ళూ కింద పెట్టుకుని ముందు బ్రేకుతో ఆపుకునేవాళ్ళకు కుడి చేత్తో బ్రేకు వదలాలా, యాక్సిలరేటర్ తిప్పాలా అన్న తికమక వస్తుంది. నేను ఈ విషయం కొండవీడు ఘాట్ రోడ్డులో నేర్చుకున్నాను, వెనుక కారు హారను మోగిస్తుండగా.

సత్యనారాయణపురం_అక్క (సోమవారం, రాత్రి 9:30)

ఈసారి మీ సలహా వెనక్కి తీసుకోకండి, బాగుంది. పరీక్ష అయ్యాక కాలువ వంతెన ఎత్తు మీద చేయిస్తాను.

సత్యనారాయణపురం_అక్క (రెండు వారాల తర్వాత, గురువారం, సాయంత్రం 5:20)

పాసైంది. ఎనిమిది ఒక్కసారికే. ట్రాక్ మీద పైకి చెప్పకూడదేమో అని పెదవులు మాత్రం కదిపిందట. అక్కడున్న ఆయన మంత్రం చదువుతోంది అనుకున్నారట.

తిరిగి వచ్చేటప్పుడు తన పనికి అసలైన పరీక్ష పెట్టాం. మంగళగిరి వెళ్ళి చీరలు తీసుకుని, సాయంత్రం నాలుగున్నర వేళ ప్రకాశం బ్యారేజీ మీదుగా వచ్చాం. నేను నా బండి మీద వెనుకే ఉన్నాను. తెలిసిందే కదా, కిలోమీటరుకు పైగా పొడవు, డెబ్బై గేట్లు, సన్నని రోడ్డు, ఒకసారి ఇరుక్కుంటే పక్కకు పోయే దారి లేదు. మన 220 గారు చెప్పినట్టే చుట్టూ అందరూ కాళ్ళు వేలాడేసి దేకుతున్నారు. ఆ మంద మధ్యలో ఈవిడ ఒక్కతే రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీద పెట్టుకుని, వెనుక చీరల మూటతో, నడక వేగంతో పోతోంది. బ్రేకు దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. మొత్తం మీద మూడుసార్లే కాలు దించింది, మూడుసార్లూ ట్రాఫిక్ పూర్తిగా ఆగినప్పుడే. నేను లెక్కపెట్టాను.

నలుపు_ఎరుపు_220 (గురువారం, సాయంత్రం 6:00)

మొన్న సాయంత్రం నేనూ అలా ప్రయత్నించాను. పది గేట్లు దాటే లోపే కాలు పెట్టేశాను. చూసినంత తేలిక కాదు.

పాత_బుల్లెట్ (గురువారం, రాత్రి 8:15)

శుభం. ఇప్పుడు ఒక హెచ్చరిక. ఆవిడ ఎప్పుడైనా కూతురి స్కూటీ తీసుకుంటే మొదటి పది నిమిషాలు జాగ్రత్త. నేను మా పాత బుల్లెట్ మీదికి మళ్ళీ ఎక్కిన రోజు ఏమైందో అడగకండి.

సత్యనారాయణపురం_అక్క (శనివారం, రాత్రి 7:45)

మీ నోటి మాట! ఈ రోజు అమ్మాయికి సెలవని స్కూటీ వేసుకుని కూరగాయలకు వెళ్ళింది. సందు చివర ఆవు అడ్డం వచ్చింది. కుడి కాలితో స్కూటీ అడుగు పలకను బలంగా తొక్కిందట. రెండుసార్లు. ఆగలేదని ఆశ్చర్యపోయి, పక్కనున్న ఉల్లిపాయల బండిని మెల్లగా ఒరుసుకుని ఆగింది. దెబ్బలేమీ లేవు, రెండు కిలోల ఉల్లిపాయలు కొనాల్సి వచ్చింది.

ఫోను చేసి మొదట అన్న మాట ఇది: "నేను బ్రేకు వేశానే."

ఆటోనగర్_పానా (శనివారం, రాత్రి 8:02)

ఉల్లిపాయలు ఎంతకు ఇచ్చాడు? అది అలా ఉంచి, ఆ ఎడమ ఇండికేటరు ఇంతవరకు మార్పించారా లేదా అక్కా?